మోకాలి మిషను వేటలో మా బావ

మా వెర్లిన్ బావకి అబద్ధం చెప్పడం రాదు. మెచ్చుకుంటున్నాననుకునేరు, కాదు, చాడీ చెబుతున్నాను. ఆయన్ని అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు. కాసేపు నోరు మూసుకోమన్నాను, అంతే. అది కూడా చేతకాలేదు ఆ మహానుభావుడికి.

బావంటే మా అక్క మార్లిస్ మొగుడు. ముప్పై ఎనిమిదేళ్ళు పాల ట్యాంకరు నడిపాడు. చీకటితో లేచి, మా కౌంటీలో ఆవులున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, పాలు నింపుకుని డెయిరీకి చేర్చేవాడు. మా మిన్నెసోటా మంచు నడుముల్లోతు పడ్డ రోజుల్లో కూడా ఆయన బండి ఆగిందని నేను వినలేదు. అలాంటి మనిషి రిటైరయ్యాక మొదటి వారమంతా కుర్చీలో కూర్చున్నాడు. రెండో వారం లేచి వంటింట్లో గిన్నెలు సర్దిన తీరు బాగాలేదన్నాడు. మూడో వారం మా అక్క నాకు ఫోన్ చేసింది.

"ఆర్డిస్, మీ బావని ఎక్కడికైనా తీసుకుపోవే. గరిటెలన్నీ పొడుగు ప్రకారం పేరుస్తున్నాడు" అంది.

ఆ శనివారం నా వ్యానులో ఎక్కించుకుని యార్డ్ సేల్స్‌కి తీసుకుపోయాను. వేసవి వచ్చిందంటే మా ఊళ్ళల్లో ఇంటింటి ముందూ బల్లలు వెలుస్తాయి. అటకమీది సామాను, అత్తగారిచ్చిన పూలకుండీలు, రెండురోజులు తొక్కి వదిలేసిన వ్యాయామం సైకిళ్ళు, అన్నిటికీ టేపు ముక్క అంటించి ధర రాసి పెడతారు. నేను ఒక దీపం కోసం చూస్తున్నాను. బావ మాత్రం ఆ ఇంటి గ్యారేజీ దగ్గర, తలుపు పడిపోకుండా అడ్డం పెట్టిన ఒక నల్లటి ఇనపముద్ద ముందు ఆగిపోయాడు. వంగి చూస్తే పాత కుట్టుమిషను. దానిమీది బంగారు పూలు సగం చెరిగిపోయాయి. చక్రం బిగుసుకుపోయింది.

"అది అమ్మడానికి కాదు వెర్లిన్, తలుపుకి అడ్డం" అన్నాడు ఇంటాయన.

బావ పెరట్లోకి వెళ్ళి అంత బరువూ ఉన్న రాయి ఒకటి మోసుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టాడు. ఐదు డాలర్లిచ్చి మిషను ఎత్తుకొచ్చాడు.

ఇక చూడండి. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఒళ్ళంతా తుడిచాడు. పళ్ళపుల్లలతో సందుల్లోంచి ఏళ్ళనాటి నూగు లాగాడు. మా అక్క జుట్టు ఆరబెట్టుకునే మరతో వేడిగాలి కొట్టి, గట్టిపడి జిగురైపోయిన నూనెని కరిగించాడు. చక్రాన్ని బలవంతంగా తిప్పితే లోపల విరుగుతుందట. అందుకని వెంట్రుకవాసి ముందుకీ వెంట్రుకవాసి వెనక్కీ ఆడిస్తూ నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదోరోజు చక్రం గుండ్రంగా తిరిగింది. మా అక్కని పిలిచి గుడ్డముక్క పెట్టించాడు. కుట్టు గీత గీసినట్టు పడింది. చెవిమీద నూనె మరకతో ఆయన అక్కడ నిలబడి నవ్విన నవ్వు, పెళ్ళిరోజున కూడా నవ్వలేదని మా అక్క ఇప్పటికీ సాధిస్తుంది.

అది పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పట్నించీ వాళ్ళ కారు చలికాలమంతా బయట మంచులోనే ఉంటుంది, ఎందుకంటే గ్యారేజీలో మిషన్లుంటాయి. బాగుచేసినవి ఉత్తినే ఇచ్చేస్తాడు. చర్చిలో ఆడవాళ్ళకిచ్చాడు, బడికిచ్చాడు, రోచెస్టర్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఒక సోమాలీ ఆవిడకి మూడిచ్చాడు. ఆవిడ ప్రతి వసంతంలోనూ డబ్బా నిండా సమోసాలు పంపిస్తుంది. ఆ డబ్బాకోసం అక్కా బావా పోట్లాడుకుంటారు.

అంతా బాగానే ఉంది గానీ, మిషను కొనే దగ్గరే వచ్చింది తంటా. పాత మిషన్లకి చక్రం మధ్యలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. బాబిన్‌కి దారం చుట్టుకునేటప్పుడు దాన్ని వదులు చేస్తే చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. చుట్టడం అయ్యాక మళ్ళీ బిగించుకోవాలి. ఈ సంగతి ముసలమ్మలకి తెలుసు. మనవలకి తెలీదు. ముసలమ్మ పోయాక మనవలు చక్రం తిప్పి చూస్తారు, సూది కదలదు, చెడిపోయిందని ఐదు డాలర్ల చీటీ అంటిస్తారు. కొనేవాడికి ఇంతకంటే అదృష్టమేముంటుంది? ఇంకొకడైతే గప్‌చుప్‌గా డబ్బులిచ్చి చంకన పెట్టుకుని వచ్చేవాడు.

మా బావ అలా రాడు. "ఇది చెడిపోలేదమ్మా, ఇదిగో ఈ బిళ్ళ వదులైంది" అని అక్కడే బిగిస్తాడు. జేబులోంచి నూనె డబ్బా తీసి రెండు చుక్కలు వేస్తాడు. సూదిలో దారమెక్కించి వాళ్ళ గుడ్డమీదే కుట్టి చూపిస్తాడు. చుట్టూ నలుగురు చేరతారు. "అరె, మా అమ్మమ్మ మిషను పనిచేస్తోందే" అంటారు. చీటీ పీకేసి మిషను ఇంట్లోకి మోసుకుపోతారు. ఇలా పదిహేడు మిషన్లు పోగొట్టాడు. ఊరికే అనడం లేదు, పదిహేడుసార్లూ బండి దగ్గర నిలబడి తల కొట్టుకున్నది నేనే.

"వాళ్ళ మిషను వాళ్ళకి దక్కింది, మంచిదేగా" అనేవాడు తిరిగొస్తూ.

"నువ్వు వాళ్ళింటికి కొనడానికెళ్ళావా, వైద్యానికెళ్ళావా?" అనేదాన్ని.

అప్పట్లో అదంతా నవ్వులాటే. పోయినేడు ఫిబ్రవరి దాకా నవ్వుకున్నాం.

మా అక్కకి చాలాకాలంగా షుగరు. పాదాల్లో స్పర్శ మెల్లమెల్లగా పోయింది. ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అనేది. మావాళ్ళలో కాలు విరిగినా ఆ మాటే అంటారు. మేం ప్రతి బుధవారం చర్చి కింది గదిలో చేరి బొంతలు కుడతాం, దేశాలమీద అవసరమున్నవాళ్ళకి పంపడానికి. అక్కడ నలభయ్యేళ్ళుగా అక్కే పెద్ద. ఆ ఫిబ్రవరి బుధవారం కరెంటు మిషను ముందు కూర్చుంది. కాలు పెడల్‌మీద ఎంత బలంగా పడిందో ఆమెకే తెలీలేదు. మిషను ఒక్కసారిగా పరుగెత్తింది. సూది గోట్లోంచి వేలు దాటి దిగింది. గది నిండా ఆడవాళ్ళుంటే, ఈమె నోరు మెదపకుండా చక్రం వెనక్కి తిప్పుకుని వేలు లాక్కుంది. గుడ్డముక్క చుట్టుకుని "కాఫీ పెట్టమంటారా?" అంది. మరుసటి బుధవారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

బావ ఊరుకోలేదు. చేత్తో తిప్పే పాత మిషను బాగుచేసి ఇచ్చాడు. ఒక చెయ్యి చక్రానికే పోతే అంత పెద్ద బొంతని ఒంటిచేత్తో ఎలా లాగుతుంది? "బాగానే ఉంది" అని దుప్పటి కప్పి పక్కన పెట్టింది. పెడల్‌ని పలకకి బిగించి మోకాలి దగ్గర కట్టాడు. పలక ఊడి ఆయన బొటనవేలిమీదే పడింది. బజార్లో గుండీ నొక్కితే నడిచే కొత్త ప్లాస్టిక్ మిషను తెచ్చాడు. నాలుగు పొరల బొంత కింద పెట్టేసరికి అది గజగజ వణికి, చివరికి కీచుమని ఆగిపోయింది.

అప్పుడు నిశ్చయించుకున్నాడు, మోకాలి మిషనే కావాలని. పూర్వం కొన్ని మిషన్లకి బల్ల కింద వంకర ఇనపకర్ర ఒకటి వేలాడేది. దాన్ని కుడిమోకాలితో పక్కకి నెడితే మిషను నడుస్తుంది, ఎంత నెడితే అంత వేగం. పాదంతో పనే లేదు. మా అక్కకి మోకాళ్ళు ఉక్కుముక్కలు. ఆ ఒక్క మిషను దొరికితే అక్క మళ్ళీ అక్కలా ఉంటుంది, దొరక్కపోతే కిటికీ దగ్గర కుర్చీయే గతి. ఇది నాకూ తెలుసు, బావకీ తెలుసు.

పోయినేడు వేసవంతా వెతికాం. ఒకటి దొరికింది, మోటారు కాలిపోయి ఉంది. ఇంకొకటి దొరికింది, బిళ్ళ వదులైంది. ఏం జరిగిందో మీరే ఊహించుకోండి, అది పద్దెనిమిదోది. ఆ రోజు నేను బండిలో పెద్దగా ఏమీ అనలేదు, "ఇంకోటి దొరుకుతుందిలే" అన్నాను.

ఈ ఏడు జూన్‌లో సరస్సు అవతల ఒక ఇంటి ముందు మళ్ళీ కనబడింది. చక్కటి చెక్కబల్ల, దాన్లోకి ముడుచుకునే మిషను, కింద వంకర కర్ర. బల్లమీద "పది డాలర్లు, పనిచెయ్యదు" అని రాసుంది. నేను బండి దిగకముందే బావ మోచెయ్యి పట్టుకున్నాను.

"బావా, ఇవాళ నీ నోటికి తాళం. నేను మాట్లాడతాను. నువ్వు మొయ్యి."

"సరే" అన్నాడు.

"ఆ బిళ్ళ వంక చూడొద్దు."

"చూడను."

"మా అక్కమీద ఒట్టు."

ఆయన బండి తలుపు తెరిచి దిగాడు. ఒట్టు పెట్టుకోలేదు.

టారిన్ అని, ఆ ఇంటి అమ్మాయి, ఇరవయ్యేళ్ళుంటాయేమో. వాళ్ళ నాయనమ్మ ఇల్లట అది, ఆవిడ మార్చిలో పోయిందట, ఖాళీ చేస్తున్నారట. నేను డబ్బులు తీసి చేతిలో పెట్టాను. "పనిచెయ్యకపోతే ఏం లేమ్మా, బల్ల బావుంది" అన్నాను. పచ్చి అబద్ధం. నాకేం సిగ్గు వెయ్యలేదు. బావ బల్ల అవతలి కొసన చేతులేశాడు కూడా. ఇంకో రెండు నిమిషాలైతే బండిలో ఉండేది.

అంతలో ఆ పిల్ల అంది, "మా నాయనమ్మ ఆఖరిదాకా దీనిమీదే కుట్టింది తాతగారూ. సరిగ్గా ఆవిడ పోయిన వారమే ఇదీ పాడైంది. ఆవిడ చేతిలోనే పాడైపోయిందని నాన్న ఎంత బాధపడ్డాడో."

బావ బల్ల వదిలేశాడు. మిషను పక్కన దారం చుట్టే చువ్వకి బాబిన్ ఇంకా తగిలించే ఉంది, సగం దాకా నీలం దారం చుట్టి. ఆయన దాన్నే చూస్తున్నాడు. నేను కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

"ఇది పాడవలేదమ్మా" అన్నాడు. "మీ నాయనమ్మ దారం చుట్టుకుంటూ మధ్యలో లేచినట్టుంది. మళ్ళీ వచ్చి బిగిద్దామనుకుని ఉంటుంది."

బిళ్ళ బిగించాడు. దారమెక్కించాడు. పిల్లని కూర్చోబెట్టి కర్రని మోకాలితో ఎలా నెట్టాలో చూపించాడు. సూది టకటకా నడిచింది. ఆ పిల్ల కుడుతూ కుడుతూ ఏడ్చేసింది. వాళ్ళ నాన్న ఇంట్లోంచి వచ్చి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నా పది డాలర్లు నాకు తిరిగిచ్చారు, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు పళ్ళెం ఒకటి చేతిలో పెట్టారు, బావకి మూడుసార్లు షేక్‌హ్యాండిచ్చారు. పంతొమ్మిదో మిషను అలా ఇంట్లోకి నడిచిపోయింది.

పన్నెండు మైళ్ళు ఓర్చుకున్నాను. తర్వాత ఆపుకోలేకపోయాను.

"తృప్తిగా ఉందా బావా?"

"ఆ పిల్ల మొహం చూశావా ఆర్డిస్?"

"ఆ పిల్ల మొహం నాకెందుకు? మా అక్క మొహం చూశావా నువ్వు? బుధవారం వస్తే పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే. చర్చివైపు ఎవరి కారు పోయిందో, ఎవరు ఆలస్యమో మొత్తం చెబుతుంది. నీ నిజాయితీ నువ్వు పటం కట్టించుకో. దాన్ని మా అక్క మోకాలితో నెడుతుందా?"

ఆయన సీటు బెల్టు సర్దుకున్నాడు. నాకింకా ఒళ్ళు మండింది.

"నోరు విప్పవేం? అక్కడ ఆపమన్నా ఆపలేదుగా. ఇప్పుడు చెప్పు. ఈ కౌంటీ మొత్తంమీద మోకాలి మిషను ఇంకెవరింట్లో ఉంది? నీకు తెలిసిన ఒక్క ఇల్లు చెప్పు. ఇప్పుడే బండి అటు తిప్పుతాను."

బావ నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. మొహం అటు తిప్పుకుని మొక్కజొన్న చేలవంక చూస్తూ కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఆయనకి తెలిసిన ఆ ఒక్క ఇల్లు ఏదో నాకు తెలుసు.

ఇక్కడ మీకు నేనింతవరకూ చెప్పని సంగతి చెప్పాలి. మోకాలి మిషను మా ఇంట్లో ఉంది. ఎనిమిదేళ్ళ కిందట బావే బాగుచేసి, తనే మోసుకొచ్చి, నా కుట్టుగదిలో పెట్టి వెళ్ళాడు. ఇచ్చినదాన్ని నోరు తెరిచి అడగడం మావాళ్ళకి చావుతో సమానం, ఆయన అడగడు. అక్క అసలే అడగదు. ఇవ్వాల్సింది నేను, నేను ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదంటారా? ప్రతి ఆగస్టులో కౌంటీ జాతరలో బొంతల పోటీ జరుగుతుంది. ఇరవై ఆరేళ్ళు నేను అక్క వెనక నిలబడ్డాను. ఆమెకి మొదటి బహుమతి నీలం రిబ్బను, నాకు రెండో బహుమతి ఎర్ర రిబ్బను. నా ఇంట్లో ఎర్ర రిబ్బన్లతో ఒక సొరుగు నిండిపోయింది. పోయినేడు అక్క పోటీలో లేదు. నీలం రిబ్బను నాకొచ్చింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి తగిలించాను, ఎవరొచ్చినా కనబడేటట్టు. అక్క కూడా వచ్చి చూసి "బావుందే" అంది. ఆ రిబ్బను ముచ్చట తీరకముందే మిషను తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకని వందల మైళ్ళు పెట్రోలు పోసుకుని, మా ఇంట్లో ఉన్నదాన్ని ఊళ్ళన్నీ వెతికాను. పైగా దొరకలేదని ఆయన్ని తిట్టాను.

ముక్కూ మొహం తెలియని పిల్లకి మిషను బాగుందని చెప్పకుండా ఉండలేని మనిషి, నాకు ఆ ఒక్కమాట చెప్పి నన్ను సిగ్గుపరచలేకపోయాడు. నేను తిన్నగా మా ఇంటికి పోనిచ్చాను.

"దిగు బావా. ఆ కొస నువ్వు పట్టుకో."

ఆయన కుట్టుగది గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఆగస్టు వస్తోందిగా ఆర్డిస్. నీకు కావాలి" అన్నాడు మెల్లగా.

"నోరు మూసుకుని ఎత్తు."

అక్క వంటింట్లో ఉంది. మేం బల్ల మోసుకొచ్చి కిటికీ దగ్గర దింపుతుంటే చేతికర్ర ఊతంతో వచ్చి చూసింది. ఏమిటని అడగలేదు. కాఫీ పోసింది, నేను ఆ రూబార్బ్ పళ్ళెం మధ్యలో పెట్టాను. ముగ్గురం కూర్చున్నాం.

"నీకోసమే తెచ్చాను, ఉంచుకో అక్కా" అన్నాను.

"అయ్యో వద్దులేవే. నీకుండాలి కదా."

మావైపు ఇదొక పద్ధతి. ఏమిచ్చినా మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితేనే అది నిజంగా ఇవ్వడం. రెండు 'వద్దు'ల తర్వాత అడగడం మానేస్తే తప్పు పట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. మర్యాద దక్కుతుంది, వస్తువూ దక్కుతుంది.

"తీసుకో అక్కా, నాకు దీంతో పనేం పడటంలేదు."

"నాకూ కుట్టే ఓపిక లేదే ఇప్పుడు. బాగానే ఉన్నాను. ఈ రూబార్బ్ ముక్క ఇంకొకటి వేసుకో."

అది రెండోది. నేను ఒక నిమిషంసేపు ఊరుకున్నాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బల్లని మళ్ళీ బండెక్కించడం కళ్ళముందు కనబడింది. ఫ్రిజ్‌మీది నీలం రిబ్బను కనబడింది. బావ చక్కెర వెయ్యని కాఫీని చెంచాతో తిప్పుతూనే ఉన్నాడు. నా వైపు చూడలేదు, పాపం.

"అక్కా" అన్నాను. "పోయినేడు నాకు మొదటి బహుమతి వచ్చింది నువ్వు లేవు కాబట్టి. ఇన్నాళ్ళూ ఈ మిషను నీకివ్వకుండా ఉంచుకున్నది కూడా అందుకే. నా బుద్ధి అలా తగలడింది. ఉంచుకో."

అక్క కాఫీ కప్పు కింద పెట్టింది.

"తెలుసులేవే" అంది. "సరే, నువ్వంతగా అంటుంటే."

వెళ్ళి కూర్చుంది. మోకాలు కర్రకి ఆనించి చిన్నగా నెట్టింది. సూది ఒక్కొక్క అడుగే వేసింది. ఇంకాస్త నెట్టింది. తర్వాత రెండు చేతులతో గుడ్డ పట్టుకుని కర్రని పూర్తిగా నెట్టింది, మిషను మోతతో గది నిండిపోయింది. పదహారు నెలల తర్వాత మా అక్క రెండు చేతులూ కుట్టుమీద ఉన్నాయి. నాకు కళ్ళు నిండిపోయాయి. బావ జేబులోంచి గుడ్డ తీసిచ్చాడు తుడుచుకోమని. నూనె గుడ్డ. మొహమంతా మరకైంది.

అక్క కుట్టు ఎత్తి వెలుతురులో చూసింది.

"ఏమే, పైదారం ఇంత బిగించుకుని కుడుతున్నావా ఇన్నేళ్ళూ? అందుకే నీ బొంతల అంచులు ముడుచుకుపోతాయి." పైదారం బిగువు సరిచేసే మరని తనే కాస్త వదులు చేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. తల ఎత్తకుండా అడిగింది, "ఈసారి జాతరకి ఏం పెడుతున్నావు?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"నేను అనుకున్నాను" అంది.

ఆ గొంతులో పాత పొగరు వినబడేసరికి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. దాన్లో సగం అక్కకోసం. మిగతా సగం, ఈ ఏడు కూడా నాకు ఎర్ర రిబ్బనే అని తెలిసిపోయినందుకు.